గంజి నీళ్ళ జ్ఞానస్నానం

ఎవ్రార్ ఆచార్యుడి గది గార్లాండ్ వీధిలో, తోలుకాగితాలు అమ్మే దుకాణం మీద ఉండేది. క్రిస్మస్‌కి ముందొచ్చే ఆగమన కాలం రెండో వారం, బుధవారం పొద్దున, ఆ గది మెట్లు పెరొనెల్ ఎక్కి వచ్చింది. ఆమె అతని అక్క, మంత్రసాని. పదహారేళ్ళుగా పారిస్‌లోనే, వంతెనకి ఈవలే ఉంటున్నా, ఆ మెట్లు ఎక్కడం అదే మొదటిసారి. పనుంటే కింద వీధిలో నిలబడి కేక వేసేది. విశ్వవిద్యాలయంలో దైవశాస్త్రం చెప్పే ఆచార్యుణ్ణి నడివీధిలోంచి "ఒరేయ్ ఎవ్రార్" అని పిలిచే మనిషి ఊరు మొత్తానికి ఆమె ఒక్కతే. దుకాణంవాడికి అదెప్పుడూ నవ్వులాటే.

ఆ రోజు కేక వెయ్యలేదు. తలుపు తోసుకుని వచ్చి, పెట్టె మీది పుస్తకాలు పక్కకి జరిపి కూచుంది. చలికి ఎర్రబడిన చేతులు ఒళ్ళో పెట్టుకుని కాసేపు వాటినే చూసుకుంది.

"జ్ఞానస్నానం గురించి నువ్వేదో పుస్తకం రాశావటగా?"

"రాశాను. పద్నాలుగేళ్ళయింది. ఏం?"

"అందులో గంజి సంగతి ఉందా?"

ఎవ్రార్‌కి నవ్వొచ్చింది. వచ్చే మంగళవారం 'ఏదైనా అడగొచ్చు' సభ ఉంది. ఏడాదికి రెండుసార్లు జరిగే ఆ సభలో ఎవరైనా లేచి ఏ ప్రశ్నయినా వెయ్యొచ్చు, ఆచార్యుడు కాదనకూడదు. దేవదూతల మీదా, కాలం మీదా, రాజులకి కట్టే పన్నుల మీదా ఎవరేం అడుగుతారోనని వారం నుంచీ వాదనలు కూడదీసుకుంటున్నాడు. ఈవిడ వచ్చి గంజి అంటోంది.

అక్క మొహం సరిగ్గా చూశాక నవ్వు ఆగిపోయింది.

"ఉంది," అన్నాడు. "నీళ్ళతోనే ఇవ్వాలి. వానవైనా, నదివైనా, గుంటలోవైనా ఫర్వాలేదు. పాలు, నూనె, ద్రాక్షసారా, గంజి పనికిరావు. అవి నీళ్ళు కావు కనక. ఓ పది వాక్యాలు రాసుంటానంతే."

"ఆ పది వాక్యాలూ ఎవరి కోసం రాశావురా?"

ఆ భాగం రాసిన రోజు కూడా అతనికి గుర్తు లేదు. మహా అయితే ఒక మధ్యాహ్నం, భోజనానికీ సాయంత్రం ప్రార్థనకీ మధ్య రాసి పారేసి ఉంటాడు.

పెరొనెల్ చెప్పుకొచ్చింది. "బియేవ్ర్ వాగు దగ్గర తోళ్ళు శుద్ధి చేసే జాకెమిన్ లేడూ, వాడి పెళ్ళాం అవేలిన్. రెండు రోజులు పడింది నొప్పులు. సోమవారం మధ్యాహ్నం బిడ్డ కాళ్ళతో వచ్చింది. ఆడపిల్ల. మెడకి పేగు చుట్టుకుని నీలంగా ఉంది. తలకిందులుగా పట్టుకుని వీపు చరిస్తే ఒక్క మూలుగు మూలిగింది. ఎంతోసేపు ఉండదని నాకు తెలిసిపోయిందిలే, ఇరవయ్యేళ్ళుగా చూస్తున్నానుగా. పొయ్యి పక్కన కుండ ఉంటే చెయ్యి ముంచి నెత్తిన పోశాను. చెప్పాల్సిన మాటలు చెప్పాను. అది ఇంకోసారి మూలిగి పోయింది."

"కుండలో గంజా?"

"బార్లీ గంజి. పొద్దుట్నుంచీ కాగి, దింపి చాలాసేపయింది. గోరువెచ్చగా ఉంది. నీళ్ళనుకున్నానో, ఏమీ అనుకోలేదో నాకే తెలీదు. చెయ్యి పెట్టాకే తెలిసింది. ఆ పేట చర్చి చూసుకునే విచారణ ఫాదర్ వచ్చి ఏ నీళ్ళు పోశావన్నాడు. చెప్పాను. అయితే చెల్లదు, సమాధుల దొడ్లో చోటివ్వను, గోడ బయట పెట్టుకోండి అన్నాడు. అదేమిటండీ అన్నాను. 'మీ తమ్ముడుగారి దగ్గరే చదువుకున్నానమ్మా, ఆయన మాటే చెబుతున్నాను' అన్నాడు. గర్వంగా చెప్పాడురా. నువ్వంటే ఎంత గౌరవమో వాడికి."

ఎవ్రార్ లేచి కిటికీ దాకా వెళ్ళాడు. మళ్ళీ వెనక్కి వచ్చాడు. సోమవారం పోయిన బిడ్డ ఇప్పుడెక్కడుందని అడిగే లోపే అక్క చెప్పింది. తోళ్ళ కొట్టంలో, చెక్కపెట్టెలో ఉంది. చలికాలం కాబట్టి సరిపోయింది. జాకెమిన్ ఎవర్నీ ముట్టుకోనివ్వడం లేదు.

"పద," అన్నాడు ఎవ్రార్, గోడకి వేలాడుతున్న అంగరఖా అందుకుంటూ.

వాగు పక్క సందులో వాసనకి ముక్కు మూసుకోని మనిషి ఉండడు. ఎవ్రార్ మూసుకోలేదు. ముందు కుండ చూడాలి అన్నదొక్కటే అతని బుర్రలో తిరుగుతోంది. నీళ్ళలో ఏదైనా కలిసినంత మాత్రాన నీళ్ళు నీళ్ళు కాకుండా పోవు. బురద కలిసినా నీళ్ళే. మరి బార్లీ ఎంత కలిస్తే, ఎంత ఉడికితే, నీటి స్వభావం పోయి గంజి అవుతుంది? ఆ గీత ఎక్కడుందో తన పుస్తకంలో తను చెప్పలేదు. అసలు అలాంటి గీత ఒకటుంటుందని ఆలోచించనేలేదు.

జాకెమిన్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. దిట్టమైన మనిషి, మోచేతుల దాకా చర్మం గోధుమరంగు పట్టిపోయింది. "రండి ఆచార్యులుగారూ," అని పక్కకి తప్పుకున్నాడు.

కుండ కడిగి బోర్లించి ఉంది.

"బార్లీ ఎంత వేశారు?" అడిగాడు ఎవ్రార్, కుండ చేతిలోకి తీసుకుని.

"రెండు గుప్పిళ్ళు."

"నీళ్ళు?"

"కుండెడు."

"గింజ పగిలిందా? చిక్కబడిందా? గరిటె పెడితే జారేలా ఉందా, లేక..."

మూల మంచం మీంచి ఒక గొంతు వినిపించింది. "ఈయన వంట గురించి అడుగుతున్నాడేమిటి?"

అవేలిన్ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పాతికేళ్ళుంటాయి. పాలు పడకుండా పెరొనెల్ ఆమె రొమ్ములకి బిగించి కట్టిన గుడ్డ దుప్పటి అంచులోంచి కనిపిస్తోంది. ఎవ్రార్ కుండ కింద పెట్టేశాడు.

"నువ్వు పుస్తకాలు రాస్తావట కదా," అంది ఆమె, ఇటు తిరక్కుండానే. "అది ఇప్పుడెక్కడుందో చెప్పు."

ఇది అతనికి తెలిసిన ప్రశ్న. దీని మీద రెండేళ్ళు పాఠం చెప్పాడు. "నరకంలో లేదమ్మా," అన్నాడు. "అలా పోయిన పిల్లలకి వేరే చోటుంది. నరకానికి అంచు అనుకో. అక్కడ మంటలుండవు. నొప్పి ఉండదు. దేవుడి ముఖం కనిపించదు, అంతే. కనిపించలేదన్న బాధ కూడా వాళ్ళకి తెలీదు."

"చలేస్తుందా?"

"వెయ్యదు."

అవేలిన్ మళ్ళీ అడిగింది, "ఎవరైనా ఎత్తుకుంటారా అక్కడ?"

పంతొమ్మిదేళ్ళుగా ఎవ్రార్ ప్రశ్నలకి జవాబులిస్తూ బతుకుతున్నాడు. ప్రశ్న ముగిసే లోపలే అది ఏ తరగతికి చెందుతుందో, దాన్ని ఎన్ని ముక్కలు చెయ్యాలో అతని బుర్రకి తట్టేది. ఈ ప్రశ్న ఎక్కడా పట్టు దొరకకుండా నిలబడింది. ఆ చోట ఉండేవాళ్ళంతా పిల్లలే. ఎత్తుకోవడానికి పెద్దవాళ్ళెవరూ ఉండరు. తన పాఠం ప్రకారం అదీ జవాబు.

"నాకు తెలీదు," అన్నాడు.

జాకెమిన్ తలుపు తీసి పట్టుకున్నాడు. వెళ్ళమని అర్థం.

ఆ తర్వాతి నాలుగు రోజులూ ఎవ్రార్ ఒకచోట కూచోలేకపోయాడు. భోజనాల బల్ల దగ్గర ఎండుచేప సగం తిని లేచిపోయేవాడు. గడ్డి పరిచిన పాఠశాలలో పాఠం చెబుతూ చెబుతూ ఆగి, చెప్పిన వాక్యమే మళ్ళీ చెప్పేవాడు, కింద కూచున్న విద్యార్థులు మొహమొహాలు చూసుకునేవారు. చిన్న వంతెన మీద అటూ ఇటూ తిరగడం చూసి, ఆచార్యులుగారు ఏదో పోగొట్టుకున్నారని చేపలమ్మేవాళ్ళు అనుకున్నారు.

అతని శిష్యుడు ఫుల్క్‌కి ముప్ఫై రెండేళ్ళు. సభ మొదటి రోజు వచ్చే ప్రశ్నలన్నిటికీ ముందు జవాబు చెప్పాల్సినవాడు అతనే. రెండో రోజు ఆచార్యుడు తీర్పు చెబుతాడు. శుక్రవారం ఫుల్క్ ఒక ఉపాయంతో వచ్చాడు.

"గురువుగారూ, ఇందులో కష్టమేముంది? గింజ పగలకపోతే అది బార్లీ పడ్డ నీళ్ళేగాని గంజి కాదు. మీ పుస్తకం ఎక్కడికీ పోదు. మీ అక్కగారు 'బార్లీ అప్పుడే వేశాం' అంటే చాలు. జ్ఞానస్నానం చెల్లుతుంది, బిడ్డ సమాధుల దొడ్లోకి వెళుతుంది."

"అప్పుడే వెయ్యలేదు. పొద్దుట్నుంచీ కాగింది."

"నొప్పుల గొడవలో ఎవరు చూశారండీ? అంత గాభరాలో ఆవిడకి మాత్రం ఎంత గుర్తుంటుంది?"

తప్పుగా అనిపించలేదు. అనిపించకపోవడమే ఎవ్రార్‌ని మరింత కుదురు లేకుండా చేసింది. ఆ మధ్యాహ్నం అక్క ఇంటికి వెళ్ళాడు. ఆమె ఇంట్లోనే ఉంది. పగటిపూట ఆమె ఇంట్లో ఉండడమే వింత. పొయ్యి ముందు పీట మీద కూచుని, కుట్టిన బట్టకే మళ్ళీ మళ్ళీ కుట్లు వేస్తోంది.

"పనికి వెళ్ళలేదా?"

"పిలిచారు. వెళ్ళలేదు. సోమవారం నుంచీ వెళ్ళడం లేదు." చెయ్యి చాపి చూపించింది. వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. "ఇలాంటి చేత్తో ఎవరి బిడ్డని పట్టుకోను?"

ఎవ్రార్ పక్కన నేల మీదే కూచున్నాడు. "అక్కా, బాగా గుర్తు చేసుకో. ఆ కుండలో నీళ్ళు పల్చగా ఉండి ఉండొచ్చు కదా. గింజలు అడుగున ఉండి, పైన వట్టి నీళ్ళు..."

"నన్ను అబద్ధం చెప్పమంటున్నావా?"

"గుర్తు చేసుకోమంటున్నాను."

"గుర్తుంది కాబట్టే చెబుతున్నాను. వేళ్ళకి అంటుకుందిరా. జిగురుగా అంటుకుంది. దాని నుదుటి మీద ఆరిపోయి పొరలా కట్టింది. తడిగుడ్డతో తుడిచింది నేనే." ఆమె సూది బట్టకి గుచ్చి పక్కన పెట్టింది. "ఇంకోటి కూడా విను. గుమ్మం దగ్గర నీళ్ళ బొక్కెన ఉంది. నిండుగా. నాలుగడుగులు. ఆ నాలుగడుగులూ నేను వెయ్యలేదు. ఫాదర్‌కి ఇది చెప్పలేదు, అడగలేదు కాబట్టి. అవేలిన్‌కీ చెప్పలేదు. నీకు చెబుతున్నాను. ఇప్పుడు నీ పుస్తకంలో దీనికేం రాస్తావో రాసుకో."

"వేసుంటే ఆ లోపు పోయేదేమో."

"పోయేదేమో. పోకపోయేదేమో. ఆ రెండూ తప్ప ఇంకోటి ఆలోచించలేకపోతున్నాను. అన్నం దగ్గరా అదే, బట్ట కుడుతున్నా అదే."

అతను తిరిగి వస్తూ ఫుల్క్‌కి కబురు పంపాడు, ఆ ఉపాయం వద్దని.

మంగళవారం సభకి జనం కిక్కిరిసి వచ్చారు. ముందు బెంచీల మీద ఆచార్యులు, వెనక శిష్యులు, ఇంకా వెనక చలికి కాళ్ళు టపటపలాడిస్తూ కుర్ర విద్యార్థులు. మొదట ఎవరో దేవదూత ఒకచోటి నుంచి ఇంకోచోటికి మధ్యలో దారి దాటకుండా వెళ్ళగలడా అని అడిగాడు. ఇంకొకడు, మొక్కుకుని యాత్రకి బయల్దేరినవాడు దారిలో భార్యకి జబ్బని తెలిస్తే వెనక్కి రావచ్చా అన్నాడు. ఫుల్క్ రెండిటికీ దీటుగా చెప్పాడు.

అప్పుడు లాంబెర్ ఆచార్యుడు లేచాడు. ఎవ్రార్‌కీ ఆయనకీ పదేళ్ళ వైరం. చిన్న గొంతు, తీరైన మాట, ఎదుటివాణ్ణి ఎప్పుడూ పొగిడి మొదలుపెడతాడు.

"ఎవ్రార్ గారి పుస్తకం చదివి పెరిగినవాళ్ళం మేమంతా," అన్నాడు. "అందుచేత ఆయన నోటే వినాలని ఉంది. ప్రాణం పోతున్న శిశువుకి మంత్రసాని గంజితో జ్ఞానస్నానం ఇచ్చింది. మాటలు సరైనవే, ఉద్దేశం సరైనదే. ఆ శిశువు రక్షణ పొందిందా, లేదా?"

హాలులో గుసగుసలు లేచి సద్దుమణిగాయి. ఆ మంత్రసాని ఎవరో సగం మందికి తెలుసు. ఫుల్క్ రెండు వైపులా వాదనలు చెప్పాడుగాని గొంతులో పట్టు లేదు. అతని చూపు మాటిమాటికీ ఎవ్రార్ మీదికే పోయింది.

మర్నాడు పొద్దున ఎవ్రార్ తీర్పు చెప్పడానికి పీఠం ఎక్కాడు. దేవదూతకీ, యాత్రికుడికీ సంబంధించినవి ముగించాడు. మూడో ప్రశ్న దగ్గర తెచ్చుకున్న కాగితం మడిచి చేతిలో పట్టుకున్నాడు.

"గంజి నీళ్ళు కాదు," అన్నాడు. "నేనలా రాశాను, ఇప్పటికీ అదే అంటున్నాను. ఆ జ్ఞానస్నానం చెల్లదు."

లాంబెర్ తలూపాడు. వెనకెక్కడో ఎవరో దగ్గారు.

"శిశువు రక్షణ పొందిందా అన్నది వేరే ప్రశ్న. లాంబెర్ గారు రెండిటినీ కలిపి ఒకటిగా అడిగారు. నేను విడదీస్తున్నాను. దేవుడు తన శక్తిని జ్ఞానస్నానం లాంటి సంస్కారాలకి కట్టేసుకోలేదని మనమే పాఠం చెబుతాం. నీళ్ళు దొరక్కుండా చనిపోయిన పెద్దవాడు మనసులో కోరుకుంటే చాలు, ఆ కోరికే నీళ్ళవుతుందంటాం. శిశువుకి కోరుకునే శక్తి లేదు. కాని శిశువు తనంతట తాను ఏదీ చెయ్యదు. దాన్ని ఎవరో మోస్తారు, ఎవరో పాలు పడతారు, దాని తరఫున చర్చిలో ఎవరో మాటిస్తారు. ఆ మాటని మనం ఒప్పుకుంటాం. మరి దాని తరఫున ఎవరో కోరుకుంటే ఎందుకు ఒప్పుకోం? తల్లి కోరుకుంది. మంత్రసాని కోరుకుంది. కుండలో ముంచిన చెయ్యి వెతికింది నీళ్ళనే. ఆ కోరిక వల్ల ఆ శిశువుకి రక్షణ కలగవచ్చునని నేను అంటున్నాను."

రాతగాళ్ళ కలాలు ఆ వాక్యాన్ని గీక్కుంటూ పోయాయి.

"రుజువు చెయ్యగలరా?" అని లాంబెర్ కూచునే అడిగాడు. ఈసారి పొగడ్త లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుంది.

"లేను," అన్నాడు ఎవ్రార్. పీఠం దిగాడు.

సభలో లాటిన్‌లో అన్న మాట గురువారం మధ్యాహ్నానికల్లా వాగు దగ్గర బట్టలుతికే ఆడవాళ్ళ నోళ్ళలో ఫ్రెంచి అయి ఉంది. తల్లి కోరుకుంటే చాలునని ఒక ఆచార్యుడు అన్నాడట. అతను పెట్టిన 'వచ్చు' మధ్యలో ఎక్కడో జారిపోయింది. పదేళ్ళ కిందట, ఇరవయ్యేళ్ళ కిందట గోడ బయట బిడ్డల్ని పెట్టుకున్న తల్లులు పెరొనెల్ తలుపు తట్టి, మీ తమ్ముడు నిజంగా అన్నాడా అని అడిగి వెళుతున్నారు. ఒకావిడ ఏమీ అడక్కుండా గుమ్మంలో ఒక రొట్టె పెట్టి పోయింది.

విచారణ ఫాదర్ మాత్రం మెత్తబడలేదు. సమాధుల దొడ్లో చోటివ్వమని ఎవ్రార్ స్వయంగా వెళ్ళి అడిగాడు. అతను ఎదురొచ్చి, తన పాత గురువు చేతిని ముద్దుపెట్టుకుని, తలొంచుకుని నిలబడ్డాడు.

"జ్ఞానస్నానం చెల్లదని మీరే మళ్ళీ అన్నారు గురువుగారూ. నేను చూడాల్సింది అంతవరకే. మిగతాది బిషప్పు మేత్రాణులుగారు రాసిస్తే అప్పుడు చూస్తాను."

అతను చెప్పింది సరైనదే. తను నేర్పినదాంట్లోంచి ఒక్క అక్షరం అటూ ఇటూ జరగలేదు. ఎవ్రార్‌కి కోపం రాలేదు, సిగ్గేసింది.

శనివారం పొద్దున్నే జాకెమిన్ గోడ బయట గడ్డకట్టిన నేలని గునపంతో తవ్వాడు. అవేలిన్ నడవలేక నడుస్తూ వచ్చింది. ఎవ్రార్ పూజావస్త్రాలు లేకుండా, మామూలు అంగరఖాతో నిలబడి ఒక ప్రార్థన చదివాడు. చదవకూడదు. ఎవరూ ఆపలేదు. పెట్టె దించాక అవేలిన్ అతని వైపు తిరిగింది.

"సభలో చెప్పావట. నిజమేనా, ఊరికే చెప్పావా?"

"నిజమనే అనుకుంటున్నాను. రుజువు మాత్రం నా దగ్గర లేదు."

"రుజువు నేనడగలేదు," అంది ఆమె. ఆ మాటలో మెచ్చుకోలు ఉందో, ఎత్తిపొడుపు ఉందో అతనికి అర్థం కాలేదు. ఆమె మొగుడి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

క్రిస్మస్ వెళ్ళిన పదో రోజున ఆచార్యుల మండలి అతన్ని పిలిపించింది. ఏడుగురు, అందులో లాంబెర్ ఒకడు. తల్లి కోరిక గురించి అతనన్న వాక్యాన్ని వేరే కాగితం మీద ఎత్తిరాసి ముందు పెట్టారు. ఆ వాక్యం తప్పని సంతకం చెయ్యాలి. లేదంటే విషయం మేత్రాణులదాకా వెళుతుంది. మూడు వారాలు గడువిచ్చారు.

బయటికి వస్తుంటే లాంబెర్ అతన్ని మెట్ల మీద ఆపాడు.

"మీరు వాదనని అంతదాకా లాగుతారనుకోలేదు నేను," అన్నాడు. "గంజి దగ్గర తడబడతారనుకున్నానంతే. నవ్వుకుందామనుకున్నాను."

"తెలుసు."

"సంతకం చేసెయ్యండి ఎవ్రార్ గారూ. మీలాంటి శత్రువు మళ్ళీ దొరకడం కష్టం నాకు."

ఆ మూడు వారాల్లో ఎవ్రార్ నాలుగు కాగితాలు రాశాడు. ఒకటి పూర్తిగా తలొంచేది. చదివి చింపేశాడు. రెండోది పూర్తిగా ఎదురు తిరిగేది. అందులో వాదన సరిపోయింది, కాని తనకి తనే వేసుకున్న మూడో అభ్యంతరం దగ్గర చిల్లు పడింది. కోరుకునేవాళ్ళే లేని శిశువు మాటేమిటి? గడపలో వదిలేసిన బిడ్డకి ఎవరి కోరిక వర్తిస్తుంది? తన వాదనతో ఒక బిడ్డని లోపలికి తెచ్చి ఇంకో బిడ్డని బయట పెడుతున్నాడు. నిద్ర లేచిన దగ్గర్నుంచి ఆ చిల్లే కనిపించేది. గెడ్డం గీసుకుంటూ కోసుకున్నాడు. ఒకసారి పాఠశాలకి రెండు రకాల చెప్పులు తొడుక్కుని వెళ్ళాడు.

మూడో కాగితం సగంలోనే ఆగిపోయింది. గడువు రోజున నాలుగో కాగితం పట్టుకుని మండలి ముందుకి వెళ్ళి, అందులో ఉన్నది చదివాడు. "ఆ వాక్యాన్ని నేను రుజువు చెయ్యలేకపోయాను. రుజువు చెయ్యలేనిది పీఠం మీంచి చెప్పడం నా తప్పు. ఆ తప్పు ఒప్పుకుంటున్నాను. వాక్యం అబద్ధమని మాత్రం ఒప్పుకోలేను, ఎందుకంటే అదీ నేను రుజువు చెయ్యలేను."

అందరిలోకీ పెద్దాయన విసుగ్గా మొహం తుడుచుకున్నాడు. "ఇక్కడ కూడా విడదీయడమేనా?"

"అదొక్కటే వచ్చండీ నాకు."

గంటన్నర తర్జనభర్జన పడ్డారు. చివరికి మేత్రాణులదాకా పోకుండా తేల్చారు. రెండేళ్ళపాటు పీఠం ఎక్కకూడదు, సభల్లో నోరెత్తకూడదు, సంస్కారాల గురించి ఎక్కడా ఒక్క మాట రాయకూడదు. ఫుల్క్ వేరే ఆచార్యుడి దగ్గరికి మారాలి. ఫుల్క్ ఏడ్చాడు. ఎవ్రార్‌కి ఏడుపు రాలేదుగాని, ఖాళీ అయిపోయిన పొద్దుటి పూటలు ఏం చేసుకోవాలో మాత్రం తోచలేదు.

ఆ మధ్యాహ్నమే అక్క ఇంటికి వెళ్ళాడు. పెరొనెల్ బఠాణీలు పొయ్యి మీద పెట్టి ఉంది. జరిగింది విని, "రెండేళ్ళా? నువ్వా? నోరు మూసుకుని?" అంది. నవ్వబోయి ఆగిపోయింది.

"నువ్వు మాత్రం? రెండు నెలలు కావస్తోంది."

ఇంతలో బయట ఎవరో పరిగెత్తుకు వచ్చిన చప్పుడైంది. మోబేర్ సందులో పీపాలు చేసేవాడు, వగరుస్తూ గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, నా పెళ్ళానికి ఉమ్మనీరు పోయింది. మిగతా ఇద్దరు మంత్రసానులూ ఊళ్ళో లేరు."

"నేను మానేశాను నాయనా."

"తెలుసమ్మా. అందుకే ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళాను."

పెరొనెల్ తమ్ముడి వైపు చూసింది. అతనేదో వాదన ఎత్తుకుంటాడని ఎదురుచూసినట్టుంది.

"నన్ను మాట్లాడొద్దన్నది ఏడుగురు," అన్నాడు ఎవ్రార్. "నిన్ను వద్దన్నదెవరు?"

"చెయ్యి వణుకుతోందిరా."

"వణకనీ. వణికే చేత్తోనే వెళ్ళు. అక్కడ ఏ చెయ్యీ లేదు."

ఆమె లేచింది. కత్తెర, నారదారం, శుభ్రమైన గుడ్డలు సంచిలో వేసుకుంది. చేతులు వణుకుతూనే ఉన్నాయి, ముడి రెండోసారికి గాని పడలేదు. గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగి, "ఆ బఠాణీలు అడుగంటకుండా చూడు. మధ్యమధ్య కలుపుతూ ఉండు," అని చెప్పి వెళ్ళింది.

ఎవ్రార్ గరిటె పట్టుకుని నిలబడ్డాడు. నలభై ఆరేళ్ళ వయసులో మొదటిసారి పొయ్యి ముందు నిలబడ్డాడు. కాసేపు కలిపాడు. ఆ తర్వాత మూడో అభ్యంతరం గుర్తొచ్చింది. ఎవరూ కోరుకోని శిశువుని దేవుడే కోరుకుంటాడంటే? అప్పుడిక తల్లి కోరిక ఎందుకు, నీళ్ళెందుకు, చర్చి ఎందుకు? మొత్తం కూలిపోతుంది. కూలకుండా చెప్పే దారి ఏదో ఉండాలి. ఆ గదిలోనే గుమ్మానికీ పొయ్యికీ మధ్య తిరిగాడు, కిటికీ తెరిచి మూశాడు, వేలితో గోడ మీద ఏదో గీశాడు.

చీకటి పడే వేళకి పెరొనెల్ వచ్చింది. మొహం పాలిపోయి ఉంది, ముందుగుడ్డ నిండా మరకలు. వస్తూనే పీట మీద కూలబడింది.

"ఏమైంది?"

"మగపిల్లాడు. ఏడుస్తున్నాడు, ఎవరూ ఆపలేకపోతున్నారు. తల్లి బాగానే ఉంది." చేతులు చూసుకుంది. "ఇంకా వణుకుతున్నాయి. పనైతే చేశాయి." ఆ తర్వాత ముక్కు ఎగబీల్చి పొయ్యి వైపు చూసింది. "ఏం చేశావురా ఇది?"

కుండ అడుగున బఠాణీలు నల్లగా అంటుకుపోయి ఉన్నాయి.

"మూడో అభ్యంతరం దగ్గర ఆగిపోయాను," అన్నాడు ఎవ్రార్.

"పైపైన మాడలేదులే. గిన్నెలు తే."

అతను గిన్నెలు తెచ్చాడు. ఇద్దరూ మాడు వాసన వేస్తున్న బఠాణీలు తిన్నారు. సగం తిన్నాక పెరొనెల్ అంది, "చెప్పు. ఏమిటది, ఆ మూడోది?"

ఎవరూ కోరుకోని బిడ్డ సంగతి అతను చెప్పడం మొదలుపెట్టాడు. లాటిన్ మాటలు వదిలేసి, అక్కకి అర్థమయ్యేలా, మధ్యమధ్య లేచి తిరుగుతూ.

"కూచుని చెప్పు," అంది ఆమె. అతను కూచున్నాడుగాని ఎంతోసేపు ఉండలేకపోయాడు.